బ్యాంకు అడగని ప్రశ్నలు, అత్తమ్మ పలకని పేరు

మా అత్తమ్మ మా మామ పేరు పలకదు. పెళ్లయిన నాటి నుంచీ పలకలేదు. ఓటర్ల జాబితా రాసుకోవడానికి వచ్చిన మాస్టారు అడిగితే, గోడ మీది క్యాలెండర్‌లో ఉన్న దేవుణ్ణి వేలితో చూపించి, ఆ పేరు మాస్టారి నోటితోనే చెప్పించింది. మా బాబుకు తాత పేరే పెట్టాం కాబట్టి వాడి పేరూ పలకదు. బుడ్డాయన అంటుంది. వాడు పాలు కక్కితే "బుడ్డాయనకు అరగలే" అంటుంది. అప్పుడు మంచం మీది నుంచి మామ, "పెద్దాయనకు గూడ అరుగుతలేదు, అడిగెటోళ్ళే లేరు" అంటాడు.

మాది బిజినేపల్లి. మా వారు గద్వాలలో పత్తి విత్తనాల కంపెనీలో పని చేస్తారు. శనివారం రాత్రి బస్సుకు వచ్చి సోమవారం తెల్లవారకముందే వెళ్లిపోతారు. పోయిన ఏడాది మా పాత బోరు ఎండిపోయింది. పల్లీలు అమ్మగా వచ్చిన పైసలు నాగర్‌కర్నూల్ బ్యాంకులో అత్తమ్మ పేరు మీద ఉన్నాయి. మంగళవారం కొత్త బోరు వేసే లారీ వస్తుంది, ఆ పైసలు ఇవ్వాలి. అవి లేకపోతే లారీ ఇంకో ఊరికి పోతుంది, మా చేను మళ్లీ వానల దాకా బీడే. ఇంట్లో ఆ నెలంతా అందరూ మాట్లాడుకున్నది ఆ బోరు గురించే, నేను తప్ప. నేను బాబు బరువు గురించి మాట్లాడేదాన్ని.

ఇంట్లో ఒక కంప్యూటర్ ఉంది. వనపర్తిలో ఒక ఇంటర్నెట్ సెంటర్ మూసేస్తుంటే మా వారు కొనుక్కొచ్చారు. "డిగ్రీ చదివినవు, ఏదన్న నేర్చుకో" అన్నారు. నేర్చుకున్నాను. బాబు తుమ్మితే ఏ రోగాలకు తుమ్ములు వస్తాయో, తుమ్మకపోతే ఏ రోగాలకు తుమ్ములు ఆగిపోతాయో నేర్చుకున్నాను. అలా వెతుకుతుంటే ఒకరోజు పిల్లల బరువు లెక్క చెప్పే ఉచిత ప్రోగ్రాం దొరికింది. దాన్ని దించుకుంటుంటే కంప్యూటర్ మధ్య మధ్యలో "నిజంగానే కావాలా?" అని ఇంగ్లీషులో అడిగింది. బిడ్డ ఆరోగ్యం కన్నా ఏం కావాలని ప్రతిసారీ అవునన్నాను. వైరస్‌లను పట్టే సాఫ్ట్‌వేర్ గడువు అయిపోయిందని మూలన ఎర్రగా ఒక హెచ్చరిక వస్తుండేది. అడ్డంగా ఉందని దాన్ని మూసేస్తుండేదాన్ని.

రోజూ బాబును కిరాణా కొట్టుకు తీసుకెళ్లి, చింతపండు తూచే కాటాలో మెత్తటి బట్ట పరిచి తూచి, ఆ అంకె ప్రోగ్రాంలో కొట్టేదాన్ని. అది రోజూ బరువు చాలదని చెప్పేది.

"సొరకాయ లెక్కున్నడు పిలగాడు. గా డబ్బకు కండ్లు పోయినయా?" అనేది అత్తమ్మ.

ఆ శనివారం మధ్యాహ్నం బోరు లారీ మనిషి ఫోన్ చేసి పైసలు సిద్ధమేనా అని అడిగాడు. సోమవారం బ్యాంకుకు పోయి చూసుకుని వస్తానంది అత్తమ్మ. ఎందుకు, ఇంట్లోనే చూపిస్తానన్నాను నేను. ఆమె ఖాతాకు ఆన్‌లైన్ సౌకర్యం నేనే పెట్టించాను. బ్యాంకువాళ్లు రెండు పాస్‌వర్డులు ఇచ్చారు. ఒకటి లోపలికి పోయి చూసుకోవడానికి, రెండోది పైసలు పంపడానికి. అత్తమ్మ కాళ్లు కడుక్కుని, కొంగు సర్దుకుని, బ్యాంకు మేనేజర్ ముందు కూర్చున్నట్టే కంప్యూటర్ ముందు కూర్చుంది.

బ్యాంకు చిరునామా నేనే స్వయంగా కొట్టాను. బ్యాంకు గుర్తు వచ్చింది, తాళం బొమ్మ వచ్చింది. మొదటి పాస్‌వర్డ్ కొట్టగానే, మీ భద్రత కోసం ఈ వివరాలు నింపండి అని ఇంకో పేజీ తెరుచుకుంది. అవే రంగులు, అదే గుర్తు. నా భద్రత గురించి ఎవరైనా పట్టించుకుంటే నాకు వెంటనే నమ్మకం కుదురుతుంది. పైసలు పంపే పాస్‌వర్డ్ అడిగితే కొట్టాను. ఏటీఎం కార్డు నంబరు, దాని రహస్య సంఖ్య అడిగితే అవీ కొట్టాను.

"ఇంకేం అడుగుతుండు?" అంది అత్తమ్మ.

"మామ పేరు."

"కొట్టినవా?"

"కొట్టిన."

అత్తమ్మ నాలుక కరుచుకుంది. "నేను ఇన్నేండ్ల సంది గోడకు గూడ చెప్పలే. నువ్వు ఒక్క గడియల డబ్బకు చెప్పేస్తివి. గాయన ఎవరో, ఏ ఊరోడో తెల్సా నీకు?"

"గాయన కాదత్తమ్మా, బ్యాంకు."

"బ్యాంకు సారు నన్ను ఎన్నడన్న గిన్ని అడిగిండా? వేలిముద్ర ఎయ్యమంటడు, పైసలిస్తడు."

అంతలో తెర మీద, ధన్యవాదాలు, ప్రస్తుతం మరమ్మతులు జరుగుతున్నాయి, రేపు ప్రయత్నించండి అని వచ్చింది.

"పైసలేవి?"

"రేపు చూపిస్తదంట."

"అన్నీ అడిగి ఉత్త చేతులతోని పొమ్మన్నడా? పిల్లను చూడనీకి వచ్చినోళ్ళు గూడ గిన్ని అడిగినంక ఛాయ్ తాగి ఏదో ఒక మాట చెప్పి పోతరు."

నాకు రోషం వచ్చింది. అది బ్యాంకు పేజీయేనని వాళ్ల నోటితోనే చెప్పిస్తానని, సెల్‌ఫోన్ స్పీకర్ పెట్టి బ్యాంకు సహాయ కేంద్రానికి ఫోన్ చేశాను. ఒక అమ్మాయి ఎత్తింది. జరిగింది చెప్పాను.

"మేడమ్, లోపలికి రావడానికి మేము రెండో పాస్‌వర్డ్ అడగం. ఏటీఎం రహస్య సంఖ్య ఎక్కడా అడగం. మీ కంప్యూటర్‌లో ఏదో దొంగ ప్రోగ్రాం చేరింది."

"చిరునామా సరిగ్గానే కొట్టాను. తాళం బొమ్మ కూడా ఉంది" అన్నాను.

"పేజీ మాదే మేడమ్. మీ కంప్యూటర్‌లో కూర్చున్నది దాని మీద తన ప్రశ్నలు అతికించింది. మీరు నొక్కిన ప్రతి అక్షరం ఈపాటికి వాళ్లకు చేరి ఉంటుంది. ఖాతా వెంటనే ఆపాలి. ఖాతాదారును మాట్లాడమనండి."

భయం కంప్యూటర్ గురించే అయినా, చెయ్యి అలవాటుగా బాబు నుదురు తడిమి చూసింది. ఫోన్ అత్తమ్మ చేతికిచ్చాను.

"అమ్మా, మీ పుట్టిన తేదీ చెప్పండి."

"జులై ఒకటి. మా ఊర్ల అందరం గదే దినం పుట్టినం. బడి సారు రాసిండు."

సంవత్సరం కూడా సారు రాసిందే చెప్పింది. సరిపోయింది.

"మీ భర్త పేరు చెప్పండి."

అత్తమ్మ నా వైపు చూసింది. నేను నోరు తెరిచాను.

"పక్కవాళ్లు చెప్పకూడదు మేడమ్. ఖాతాదారే చెప్పాలి."

"ఇంకేదన్న అడుగు బిడ్డా" అంది అత్తమ్మ. "పొలం ఎంత, బర్లెన్ని, ఏదన్న అడుగు."

"పేరే కావాలమ్మా."

"మా మనుమని పేరే."

"మీ మనవడి పేరేంటి?"

"గది గూడ చెప్పరాదు."

మంచం మీద మామకు ఓపిక నశించింది. లేచి కూర్చుని, ఊరంతా వినపడేలా తన పేరు తానే చెప్పుకున్నాడు.

"సార్, మీరు ఖాతాదారు కాదు" అందా అమ్మాయి.

"పేరు నాదేనమ్మా!"

"ఖాతా మీది కాదు సార్."

"సూడు బిడ్డా," అంది అత్తమ్మ మెల్లగా, "మా ఇంట్ల క్యాలెండర్ ఉన్నది..."

"అమ్మా, నాకు ఇక్కడి నుంచి మీ క్యాలెండర్ కనిపించదు. ఆలస్యమైన కొద్దీ డబ్బు లాగేసుకోవడానికి వాళ్లకు వీలవుతుంది. లేదంటే సోమవారం బ్రాంచికి వెళ్లండి."

సోమవారం దాకా ఆ పైసలు ఉంటాయా? అత్తమ్మ గుమ్మంలో నుంచి చేను ఉన్న దిక్కు చూసింది. మామ వైపు వీపు తిప్పి నిలబడింది. కొంగు నిండుగా కప్పుకుని, కళ్లు మూసుకుని, ఫోన్‌ను నోటికి ఆనించి ఆ పేరు చెప్పింది. చాలా మెల్లగా చెప్పింది.

"వినపడలేదమ్మా, ఇంకోసారి."

ఇంకోసారి చెప్పింది. ఈసారి అందరికీ వినపడింది. మామ చేతిలోని బీడీ జారి మంచం నులక మీద పడింది. అక్కడ కాలిన మచ్చ ఇప్పటికీ ఉంది.

ఖాతా ఆగిపోయింది. ఆ తర్వాతే ఆ అమ్మాయి అసలు సంగతి చెప్పింది. కొద్దిసేపటి క్రితమే ఎవరో ఆ ఖాతాలోకి దూరి, పైసలు పంపించుకోవడానికి ఒక కొత్త పేరు చేర్చారు. కొత్త పేరుకు పంపాలంటే కొంతసేపు ఆగాలన్న నియమం ఉండబట్టి పైసలు ఇంకా కదల్లేదు. ఆ కంప్యూటర్ మళ్లీ ముట్టుకోవద్దని, పాస్‌వర్డులు వేరే కంప్యూటర్‌లో మార్చుకోవాలని, ఏటీఎం కార్డు కూడా కొత్తది తీసుకోవాలని చెప్పి పెట్టేసింది.

రాత్రి మా వారు వచ్చి అంతా విని, ముందు కంప్యూటర్ తీగ పీకేశారు. సోమవారం బ్రాంచిలో అత్తమ్మ వేలిముద్ర వేసి పైసలు చేతికి తెచ్చుకుంది. కంప్యూటర్‌ను వనపర్తిలో మరమ్మతు షాపులో ఇచ్చాం. దొంగ దాక్కుని వచ్చింది ఆ ఉచిత బరువు లెక్కలోనేనట. మామూలు రోజుల్లో కదలకుండా పడి ఉండి, బ్యాంకు పేజీ తెరిచినప్పుడు మాత్రం లేస్తుందట. అన్నీ తుడిచేసి, కొత్తగా నింపి ఇచ్చారు. ఇప్పుడు మూలన ఎర్ర హెచ్చరిక వస్తే చేతిలో పని ఆపి గడువు పొడిగిస్తాను. ఉచితంగా వచ్చేది ఏదీ దించుకోను. బ్యాంకు పేజీలో ఎప్పుడూ అడగనిది ఒక్కటి అడిగినా, ఆపేసి ఫోన్ చేస్తాను. బాబు బరువు కాటా వరకే, ఆ తర్వాత చింతపండు కొనుక్కుని ఇంటికొస్తాం.

మంగళవారం బోరు లారీ వచ్చింది. సాయంత్రానికి నీళ్లు పడ్డాయి. ఊరంతా చేను దగ్గర ఉంటే అత్తమ్మ మాత్రం మామకు ఎదురుపడకుండా లారీ అటుపక్కే తిరిగింది. శనివారం నుంచీ అంతే, అన్నం పళ్లెం కూడా నా చేతికే ఇచ్చి పంపుతోంది.

మామ మాత్రం చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. నీళ్లు చూసి ఇంటికొచ్చాక, బాబును ఒళ్లో పెట్టుకుని, వంటింట్లోకి వినపడేంత గట్టిగా నన్నడిగాడు.

"బిడ్డా, కొత్త కార్డు వస్తదన్నవు గదా. దానికి గూడ పేరు అడుగుతరేమో, ఒకసారి ఫోన్ చేసి చూడరాదు?"

వంటింట్లో గిన్నె ఒకటి కింద పడింది.

"బుడ్డాయనా," అంది అత్తమ్మ లోపలి నుంచి, "నీ తాతను నోర్మూసుకొని పండుకొమ్మను."