ఆయుధపూజ తర్వాత తెరుచుకోని 8443

హోసూరులో మా ప్లాంటులో ఆయుధపూజకు ఆగని యంత్రం లేదు. లేతులు, ప్రెస్సులు, క్యాంటీన్లో పిండి రుబ్బే గ్రైండరుతో సహా అన్నీ ఆపి, తుడిచి, విభూతి పట్టెలు వేసి కుంకుమ పెడతారు. ఏడాది పొడవునా నడిచే మా సర్వరుకూ ఆ రోజు సెలవే. దాన్ని ఆపకూడదని ఎవరైనా అంటే మేనేజరు వినడు. "ఏడాదికొక దినమన్నా దాన్ని ఊపిరి పీల్చుకోనీయప్పా" అంటాడు. ఫ్యానుకు అడ్డం రాకుండా బంతిపూల దండ వేసి సర్వరును ఆపడం నా పని. చాలా ఏళ్ళుగా నాదే.

సెలవు ముగిసి ప్లాంటు తెరిచిన పొద్దున, కృష్ణగిరిలోని మా గోడౌను సూపర్‌వైజరు నుంచి నాకు ఫోను వచ్చేది. "పేజీ తెరుచుకోలేదప్పా! లారీలు నిలిచిపోయినాయి!" ఆ పేజీలోంచి గేట్‌పాస్ తీస్తే తప్ప సరుకు గేటు దాటదు.

ఆ పేజీ సంగతి కాస్త చెప్పాలి. తాళం గుర్తు ఉండే వెబ్ పేజీలు మామూలుగా 443 అనే పోర్టులో, అంటే సర్వరుకున్న వాకిళ్ళలో ఒకదాంట్లో, ఉంటాయి. మనం చెప్పకపోయినా బ్రౌజరు అక్కడికే పోతుంది. మా సర్వర్లో ఆ పోర్టును హాజరు వేసే ప్రోగ్రాము ఎప్పుడో పట్టేసుకుంది. అందుకని గేట్‌పాస్ పేజీని నేను 8443లో పెట్టాను. అడ్రసు పక్కన ఆ అంకె కూడా కొట్టాలి, ఆ అంకెతో వచ్చేవాళ్ళను సర్వర్లో కాపలా కాసే ఫైర్‌వాల్ లోపలికి వదలాలి. వదలమని చెప్పే లైను కూడా నేనే కొట్టాను. అయితే ఆ లైనులో 'ఇది శాశ్వతం' అని చెప్పే మాట ఒకటి చేర్చాలి. చేర్చకపోతే సర్వరు ఆగేదాకానే చెల్లుతుంది. మా సర్వరు ఆగేది ఆయుధపూజకు మాత్రమే.

మొదటి ఏడు నిజంగానే మరిచిపోయాను. తప్పెక్కడో కనుక్కోవడానికి గంట పట్టింది. లారీలు కదిలాక ఆ సూపర్‌వైజరు "నువ్వు లేకుంటే మా గతేమప్పా!" అన్నాడు. ఆ మాట చాలా రోజులు నా చెవుల్లో తియ్యగా ఉండిపోయింది. రెండో ఏడు అదే లైను కొడుతుంటే ఆ చేర్చాల్సిన మాట గుర్తొచ్చింది. చెయ్యి ఆగింది. చేర్చలేదు. మరిచిపోయానని ఇప్పుడు రాస్తే అబద్ధమవుతుంది. మూడో ఏడు క్యాంటీన్లో టీ తాగుతూ ఆ ఫోను కోసం కాచుకుని కూర్చున్నాను. రెండు నిమిషాల పనికి ముప్పావుగంట మొహం ముడుచుకుని, నలుగురూ చూసేలా చేశాను.

ఆ తర్వాత నాతోపాటు కంప్యూటర్లు చూసుకోవడానికి ఒక అమ్మాయి వచ్చి చేరింది. తళి దగ్గర పల్లె. వాళ్ళ ఇంట్లో గ్రీన్‌హౌసు వేసి గులాబీలు పండిస్తారు. పొద్దున్నే చలిలో బస్సెక్కి, స్వెట్టరుతోనే దిగేది. వచ్చిన నెలకే అందరూ ఆమె టేబులు చుట్టూ చేరారు. ఏం చేసినా ఒక కాగితం మీద వరసగా రాసి గోడకు అంటించేది, తను లేని రోజున ఇంకొకరికి పనికొస్తుందని. నేను అన్నేళ్ళలో ఎవరికీ ఏదీ రాసివ్వలేదు. రాసిస్తే నన్నెవరు పిలుస్తారు? "ఆ పాపను అడగండప్పా" అని మేనేజరు అన్నప్పుడల్లా నాకు కడుపు మండిపోయేది. ముందొచ్చిన చెవుల కంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అని మా అమ్మ అంటుంటే నవ్వేవాణ్ణి. నేను చెవినయ్యాక నవ్వు రాలేదు. ఆమె గుండ్రటి చేతిరాత చూసినా ఓర్చుకోలేకపోయేవాణ్ణి. ఆయుధపూజ రానీ, ఆ రోజు మాత్రం నాది అనుకున్నాను.

ఆ ఏడు పూజకు ఆమె ఇంటి నుంచి బుట్టెడు గులాబీలు తెచ్చింది. సర్వరుకు నా బంతిపూల దండ బదులు గులాబీల దండ పడింది. అదీ ఓర్చుకున్నాను.

ప్లాంటు తెరిచిన పొద్దున ఫోను మోగింది. మోగింది ఆమె టేబులు మీద. కృష్ణగిరి సూపర్‌వైజరు నన్ను వదిలేసి నేరుగా ఆమెకే చేశాడు. తలకొట్టేసినట్టయింది. ఆమె ఫోను పట్టుకునే నా వైపు తిరిగింది.

"అన్నా, గేట్‌పాస్ పేజీ రాలేదంట. ఆడ మూడు లారీలు నిలిచినాయంట. యాడ చూడాలన్నా?"

చెప్పొచ్చు. ఒక్క లైను. "సర్టిఫికెట్ గడువు అయిపోయుంటాదమ్మా, అది చూడు" అన్నాను. పేజీకి తాళం గుర్తు వచ్చేది ఆ సర్టిఫికెట్‌తోనే, దాని గడువు ఇంకా నెలలుందని నాకు తెలుసు. అక్కడ ఎండలో లారీలు, డ్రైవర్లు. ఆమె తికమకపడితే చూడాలని ఇక్కడ నేను.

ఆమె చూసింది. "అది బాగుందన్నా. సర్వరు మీదే తెరిస్తే పేజీ వస్తా ఉంది, తాళం గుర్తు కూడా ఉంది." పక్క కంప్యూటరులో తెరిచింది. ఉలుకూ పలుకూ లేదు, చక్రం తిరుగుతూనే ఉంది. ఒక నిమిషం ఆలోచించింది. "లోపల ప్రోగ్రాము లేకుంటే వెంటనే కాదని చెప్పేసుండాల కదన్నా? ఇది ఏమీ చెప్పకుండా తిప్పతా ఉంది. మధ్యలో ఫైర్‌వాల్ పట్టి పెట్టింటాది." నాకు మొదటి ఏడు గంట పట్టింది. ఆమెకు పది నిమిషాలు కూడా పట్టలేదు.

పోయిన ఏడు ఏం చేశారో చూద్దామని, సర్వర్లో కొట్టిన పాత ఆజ్ఞల జాబితా తీసింది. మా సర్వరు వాటిని తేదీలతో సహా దాచి ఉంచుతుంది. ఆ సంగతి నేనెప్పుడూ ఆలోచించలేదు. తెర మీద నా లైను కనిపించింది. పేజీ పెట్టిన రోజు కొట్టింది కాక మూడు సార్లు, మూడేళ్ళు, ప్రతిసారీ ఆయుధపూజ సెలవు ముగిసిన పొద్దున. చివర ఆ మాట లేకుండా.

ఆమె తెర చూసింది. తర్వాత నన్ను చూసింది. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఏమైనా అంటుందని, కనీసం నవ్వుతుందని ఎదురుచూశాను. ఆమె అదే లైను కొట్టి, చివర ఆ మాట చేర్చింది. "ఒకసారి ఆపి మళ్ళీ పెడతానన్నా. నిలుస్తాదా లేదా చూడాల కదా" అంది. ఆపింది, పెట్టింది. పేజీ తెరుచుకుంది.

ఆమె ఫోనులో సూపర్‌వైజరుతో చెప్పిన మాట నాకు ఇంకా గుర్తుంది. "నాదేమీ లేదప్పా. లైను అన్న ముందే రాసిపెట్టినాడు. నేను ఒక మాట చేర్చినాను, అంతే." నన్ను పట్టించి ఉంటే కోపం తెచ్చుకునేవాణ్ణి, ఆ కోపంతో కొన్నాళ్ళు బతికేవాణ్ణి. ఆ దారి కూడా లేకుండా చేసింది. ఆమె తెలివి మీద నాకున్న కుళ్ళు ఎప్పటికైనా పోతుందేమో గానీ, ఆమె మంచితనం మీద పుట్టిన కుళ్ళు పోదని ఆ రోజు తెలిసింది. సాయంత్రానికి గోడ మీద కొత్త కాగితం ఉంది, 8443 తెరుచుకోకపోతే ఏమేం చూడాలో వరసగా. మొదటి వరసలో సర్టిఫికెట్ గడువు చూడమని రాసింది. నేను చెప్పిన సలహా కదా మరి.

ఈ ఏడు కూడా సర్వరును నేనే ఆపాను. గులాబీల దండ నేనే వేశాను. ప్లాంటు తెరిచిన పొద్దున క్యాంటీన్లో టీ తెచ్చుకుని, ఫోను గ్లాసు పక్కన పెట్టుకుని కూర్చున్నాను. తొమ్మిదయింది. తొమ్మిదిన్నరయింది. టీ మీద మీగడ కట్టింది. పది దాటాక ఉండబట్టలేక నేనే కృష్ణగిరికి ఫోను చేశాను.

"గేట్‌పాస్ పేజీ తెరుచుకుంటా ఉందాప్పా?"

"తెరుచుకుంటా ఉంది," అన్నాడు సూపర్‌వైజరు ఆశ్చర్యంగా. "ఎందుకు తెరుచుకోదప్పా?"

ఎందుకో నాలుగేళ్ళుగా నాకు తెలుసు. ఊరికే అడిగినానని చెప్పి ఫోను పెట్టేశాను.