ఒకే రోలు, రెండు రోకళ్ళు

నా పెళ్ళి నెల రోజులుందనగా అమ్మనీ పిన్నినీ ఒకే వ్యానులో ఎక్కించాను. ఒకరు వస్తున్నట్టు ఇంకొకరికి చెప్పలేదు. చెబితే ఇద్దరూ వచ్చేవారు కాదు.

ఈ తోడికోడళ్ళిద్దరికీ మాటల్లేక ఏడాదిన్నర. కారణం చేపల పులుసు. పిన్ని వండిన పులుసులో ఉప్పెక్కువైందని అమ్మ పదిమందిలో అనేసింది, అంతే. పెళ్ళికి పసుపు దంచడానికి ఆవిణ్ణి పిలవనని అమ్మ, పిలిచినా రానని పిన్ని. నన్ను సగం పెంచిన మనిషి చెయ్యి పడని పసుపు నాకెందుకని నేను.

శ్రీకాకుళం దగ్గర పాతకాలం పద్ధతిలోనే బతికే ఊరొకటి ఉందని, చూడ్డానికి జనం వెళ్తున్నారని విని ఆ వంక పెట్టాను. దారిపొడవునా అమ్మ ఎడమవైపు పొలాలు చూసింది, పిన్ని కుడివైపువి చూసింది. మధ్యలో నేనూ, పులిహోర డబ్బా.

ఊరు నాకు తెగ నచ్చింది. మట్టిగోడలు, తాటాకు కప్పులు, అలికిన అరుగులు. కరెంటు స్తంభమే లేదు. ఒక ఇంటి ముందు ఓ ముసలావిడ వడ్లు దంచుతోంది. వచ్చినవాళ్ళు సరదాపడతారని రెండో రోకలి గోడకి ఆనించి ఉంచారు. నేను అందుకుని, మూడో పోటుకే నేలను పొడిచాను.

"ఇలగేటే దంచడం? ఇలా తే!" అంటూ అమ్మ రోకలి లాక్కుంది. ముసలావిడ అలిసిపోయిందేమో, తన రోకలి ఎదురుగా ఉన్నావిడకి అందించింది. ఎదురుగా ఉన్నది పిన్ని.

ఒకే రోట్లో ఇద్దరు దంచాలంటే ఒకరిది లేచినప్పుడే రెండోవాళ్ళది పడాలి. మొదట రోకళ్ళు ఢీకొన్నాయి. ఆ తర్వాత కుదిరింది. ఇరవయ్యేళ్ళు ఒకే వాకిట్లో అరిసెల పిండి దంచిన చేతులవి.

"గింజలు పైకొచ్చేస్తన్నాయి, లోపలికి తొయ్యప్పా," అంది పిన్ని, అమ్మని అక్క వరసతో పిలిచే అలవాటుకొద్దీ. అమ్మ తోసింది, అదీ అలవాటుకొద్దీ. మాటల్లేవన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది ఇద్దరికీ. అయినా దంచడం ఆపలేదు. ముందు ఆపినవాళ్ళు ఓడినట్టు కదా!

బియ్యం తెల్లబడేదాకా దంచి, చెమటలు తుడుచుకుంటూ ఒకే అరుగు మీద కూలబడ్డారు. నేను పులిహోర డబ్బా తెరిచాను. అమ్మ చేసిందది. పిన్ని ఓ ముద్ద నోట్లో పెట్టుకుని కాసేపు నమిలింది.

"ఉప్పే నేదప్పా."

అయిపోయింది, ఇంకో ఏడాదిన్నర అనుకున్నాను. అమ్మ కూడా ఓ ముద్ద తిని చూసింది. నిజంగానే లేదు.

"నువ్వు పక్కన నేకపోతే నా వంట ఇలగే తగలడతన్నాదే," అంది అమ్మ. "పసుపు దంచే రోజు పొద్దున్నే వచ్చెయ్యి."

పిన్ని నా వైపు తిరిగింది. ఎన్ని పసుపు కొమ్ములు కొన్నారో చెప్పమని నన్ను అడిగింది.