నా పాలలో చచ్చిన చీమ

ఈమధ్య మా మనవరాలికి తోడుగా ద్వారకా నగర్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రికి వెళ్ళాను. నెలలు నిండుతున్న ఆడపిల్లల్ని మొగుళ్ళతో సహా కూర్చోబెట్టి, బిడ్డకు పాలెలా ఇవ్వాలో అక్కడ పాఠం చెబుతున్నారు. చిన్న వయసు అమ్మాయి ఒకతె చేతిలో ప్లాస్టిక్ బొమ్మ పట్టుకుని, బిడ్డ నోరు ఎంత తెరవాలో, ముర్రుపాలు చుక్కయినా ఎందుకు పారబోయకూడదో, అన్నం ఎప్పుడు మొదలుపెట్టాలో, పాలు ఎలా మాన్పించాలో గుక్కతిప్పుకోకుండా చెప్పుకుపోయింది. స్టీల్ ప్లాంటులో అంతేసి యంత్రాలు నడిపే మా మనవరాలి మొగుడు ఆ బొమ్మను తలకిందులుగా పట్టుకుంటే గదంతా నవ్వింది. నేనూ నవ్వాను. "బామ్మగారూ, మీరు మీ పిల్లలకి ఎన్నాళ్ళిచ్చారు?" అని ఆ అమ్మాయి నన్నడిగింది. రెండేళ్ళు అన్నాను. బతికిన పిల్లల సంగతి చెప్పాను, అబద్ధమేమీ కాదు.

మొదటి బిడ్డ సంగతి నా ఈడు ఆడవాళ్ళు మీతోనే చెప్పాలి, ఎందుకంటే పంతొమ్మిది వందల డెబ్బైలలో బిడ్డల్ని కన్నవాళ్ళకి తప్ప ఇది నమ్మబుద్ధి కాదు. తల్లి లేనిదాన్ని కాబట్టి నా మొదటి కాన్పు అత్తవారింట్లోనే జరిగింది. మాది మల్కాపురం, మా ఆయన పోర్టులో పని చేసేవారు, రిఫైనరీ గాలి ఇటు తిరిగిందంటే వండిన కూర కూడా కిరసనాయిలు వాసన కొట్టేది. ఇప్పుడు కౌన్సెలింగ్ అంటున్నారే, ఆ ఉద్యోగం మా వీధిలో మా అత్తగారు చేసేది. ఎవరింట్లో బిడ్డ పుట్టినా కొంగు బిగించి బయలుదేరేది, ఆవిడ ఊ అంటేనే బిడ్డ తల్లి దగ్గరికి చేరేది.

నాకు ఆడపిల్ల పుట్టింది. అత్తగారు ముర్రుపాలు పిండించి గోడవతల పోయించింది, పిల్ల నాలుక మీద ఆముదం రాసింది. అవి అందరిళ్ళలోనూ ఉన్నవే, మీకూ జరిగే ఉంటాయి. తెల్లపాలు పడ్డాక మాత్రం ఆవిడ సొంత పరీక్ష ఒకటుండేది. తల్లి పాలు ఉగ్గుగిన్నెలోకి పిండించి, అందులో ఒక గండుచీమను వేసేది. చీమ పాకి బయటకొస్తే పాలు మంచివి, చస్తే విషం. వీధిలో తిండి సరిగ్గా లేని ఆడవాళ్ళకి పాలు గిన్నె అడుగు తడిసేంతే వచ్చేవి గనక వాళ్ళ చీమలు శుభ్రంగా నడుచుకుంటూ పైకొచ్చేవి. నాకు దేవుడు పాలు దండిగా ఇచ్చాడు. గిన్నె నిండింది. అంత పాలలో చీమేమిటి, పిల్లి పడ్డా మునుగుతుంది.

"సచ్చిపోనాది. నీ పాలు ఇసవే. పిల్లకి పట్టకు" అని గిన్నె బోర్లించింది.

ఆ రోజునుంచి నా బిడ్డకు డబ్బాపాలు. ఓడ మీద వచ్చిన సరుకని మా ఆయన గొప్పగా తెచ్చిన ఆ డబ్బాను అత్తగారు వీధివాళ్ళందరికీ చూపించి, తొందరగా అయిపోతుందని పొడి చిటికెడు వేసి, వీధి కుళాయి నీళ్ళు సీసా నిండా పోసి పట్టేది. పిల్ల ఏడుపు వినబడగానే నాకు జాకెట్టు తడిసిపోయేది. అది చూసి అత్తగారు పాలు ఎండగట్టడానికి మల్లెపూలు తెప్పించి, రొమ్ముల మీద పరిచి గుడ్డతో బిగించి కట్టింది. ఆ పూలు తెచ్చింది మా ఆయనే. పెళ్ళయ్యాక ఆయన నాకు మల్లెపూలు తేవడం అదే మొదలు. పక్క గదిలో బిడ్డ గుక్కపెడుతుంటే, రాళ్ళలా గట్టిపడ్డ రొమ్ములతో గోడకు చేరబడి, ఒక్కసారి పట్టనివ్వమని ఆయన్ని బతిమాలాను. "అమ్మ సెప్పింది కదేటి, దానికి తెలవదా?" అని అన్నం కలుపుకున్నారు. ఆ తరవాత ఎన్నో ఏళ్ళు ఆయనకు వండిపెట్టాను గానీ ఆ మాటను మాత్రం క్షమించలేదు, ఇప్పటికీ క్షమించను.

నా పాలు ఎండిపోయాయి. పిల్లకు విరేచనాలు పట్టుకుని తొడలు ముడతలు పడ్డాయి. సరిగ్గా అప్పుడే మా ఆడపడుచు ఆ ఇంటికే పురిటికొచ్చి మగపిల్లాణ్ణి కన్నది. అత్తగారు కూతురికి పాలు బాగా పడాలని రోజూ పాలసొర చేప వండి, వెల్లుల్లి దట్టించి పెట్టింది. పాలు పొంగిపొర్లాయి. నేను ఊరుకోలేదు, ఉగ్గుగిన్నె తీసుకెళ్ళి పిండించి, చీమను తెచ్చి వేశాను. చచ్చింది.

"మరి ఈ పాలేటి సేద్దాం అత్తా?" అన్నాను.

ఆవిడ గిన్నెలోకి వంగి చూసి, "ఇది కుంటి సీమే" అని, మనవణ్ణి తీసి కూతురి ఒళ్ళో పెట్టింది.

ఆడపడుచు మంచి మనిషి. "ఒదినా, నీ పిల్లనీ ఇలాగియ్యి, నాను పడతాను" అని చేతులు చాపింది. తన మనవడికి చాలవని అత్తగారు ఆ చేతులు నొక్కేసింది. నేను నా బిడ్డను నా రొమ్ముకే పెట్టుకున్నాను. ఒక్క చుక్క లేదు. అయినా అది అంత నీరసంలోనూ గట్టిగా పట్టుకుని చప్పరించింది, వదల్లేదు. అత్తగారొచ్చి దాని నోట్లో వేలుపెట్టి లాగేసింది, ఉత్త తోలు చీకితే ఏమొస్తుందని. వారం తిరక్కుండా పోయింది పిల్ల. పాడె లేచేటప్పుడు కూడా ఆవిడ, ఏ క్షణానో తల్లి దొంగతనంగా పట్టేసి ఉంటుందనే అన్నది, వీధి తల ఊపింది.

తరవాత బిడ్డలకు నేనే పాలిచ్చాను. ఉగ్గుగిన్నె ఆ ఇంట్లో లేకుండా చేశాను, ఎవరూ అడగలేదు.

మనవరాలు ప్రసవించింది. కొన్నాళ్ళకే జ్వరం వచ్చి, మందులు వాడినన్నాళ్ళు బిడ్డను దూరం పెట్టమన్నారు. కోలుకునేసరికి పాలు ఎండిపోయాయి. పాఠం చెప్పిన అమ్మాయే ఇంటికొచ్చి, దిగులు పడొద్దని, పాలు లేకపోయినా సరే బిడ్డను మళ్ళీ మళ్ళీ రొమ్ముకు పెట్టమని, బిడ్డ చప్పరిస్తూ ఉంటే పాలు వాటంతటవే తిరిగొస్తాయని చెప్పింది. తిరిగొచ్చాయి కూడా. ఇల్లంతా సంబరం. కాలం ఎంత మారిందో చూడండి, అడిగితే చెప్పేవాళ్ళు గుమ్మంలోకే వస్తున్నారు, మొగుడు పక్కన కూర్చుని తలగడ సర్దుతున్నాడు, కాదని లాగేసే చెయ్యి ఇంట్లో లేదు. సంతోషించాల్సిందే. నేను మాత్రం పెరట్లోకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకున్నాను. పాలు తిరిగొస్తాయని ఆ వీధిలో మా అత్తగారికి తెలియదు, మా ఆయనకు తెలియదు, కన్నతల్లిని నాకూ తెలియదు. నా ఎండిన రొమ్మును వదలకుండా పట్టుకున్న ఆ పసిదానికి ఒక్కదానికే తెలుసు.