ముగ్గురు దొరల పడవ

పుత్తూరు దాటగానే తిరుపతి బస్సు టైరు పేలింది. దిగి బీడీ ముట్టించుకుంటున్న వెంకటమునిని వెనక నుంచి ఎవరో పేరు పెట్టి పిలిచారు. తిరిగి చూస్తే జయరావు, పటాలంలో ఒకప్పటి తన కల్నల్. ఇప్పుడు మెడలో తులసిమాల.

"నువ్వు కనబడటం దైవికమోయ్! రేపు తిరుపతిలో మాజీ సైనికుల సభ. మూడు దళాల కమాండోలకీ ఒకే నాయకత్వం ఉండాలని నా ప్రసంగం. ఎవడో ఒకడు పులికాట్ సంగతి ఎత్తకపోడు. ఎత్తితే, ధనంజయ ఆర్డరు లేకుండా పడవ దిగాడని నువ్వు లేచి చెప్పాలి."

వెంకటముని నగరి నేతగాడి కొడుకు. మగ్గం మీద విసుగుతో పక్కింటి ధనంజయను వెంటబెట్టుకుని పారిపోయి కమాండో అయినవాడు, ఒంటరిగా తిరిగొచ్చి మళ్ళీ మగ్గమెక్కినవాడు. పులికాట్ సరస్సులో జరిగిన యుద్ధ కసరత్తులో మనుషులు సైన్యం వాళ్ళు, పడవ నేవీది, నాయుడుపేటలో హెలికాప్టరు వైమానిక దళానిది. పడవ బురదలో దిగబడితే, దిగి తొయ్యమని వైర్‌లెస్‌లో అరిచింది ఈ జయరావే. ఇంజను రెక్క ధనంజయ తొడను కోసేసింది. హెలికాప్టరును పిలవాల్సింది దళానికొక దొర; జయరావుతో కలిపి ముగ్గురు దొరలదీ ఒకే హోదా. అందుకని గట్టున నిలబడి, ఎవరు పెద్దో తేల్చుకోవడానికి ఉద్యోగంలో చేరిన తేదీలు ఒకరినొకరు అడిగారు. మన సీమ పాళెగాళ్ళూ అంతేనట, దండు కదిలే ముందు ఎవరి నగారా మొదట మోగాలని కొట్టుకునేవారట. వాళ్ళకు కనీసం మీసాలుండేవి. తేదీలు తేలకముందే జాలర్లు శవాన్ని గట్టుకు చేర్చారు.

"మీ కొత్త ఏర్పాటులో పెద్ద ఎవురు సార్?"

"ఒక్కరే. ఆయన కింద దళానికొకరు చొప్పున ముగ్గురు. ఏ పనికైనా ఎవరి హెడ్డాఫీసు అనుమతి వాళ్ళు తెచ్చుకుంటారు."

వెంకటముని పకపకా నవ్వాడు. "మగ్గం గుంటలో ఒకడే కూసుంటాడప్పా. పోగు దూర్చే నాడె ఒకడికీ, కాలికింది తొక్కుడు ఒకడికీ ఇచ్చి, ఇద్దురూ ఇంటికిపోయి అడిగి రమ్మంటే గుడ్డ యాడొస్తాది?"

"అది వదిలెయ్. పోయినవాడి మీద తప్పు వేస్తే ఎవరికి నష్టం?"

"వాళ్ళమ్మ కుప్పమ్మ ఉండాది, మా పక్కింట్లోనే. కొడుకు ఆర్డరు మీరి సచ్చినాడని నువ్వు రాసినప్పట్నుంచీ ఆయమ్మ ఎవురి గడపా తొక్కలా. దిగమనింది నువ్వు. వైర్‌లెస్ నా సేతిలోనే ఉండె. సభకు వస్తాలే. అందురి ముందరా ఇదే సెప్తా."

జయరావు గొంతు పెంచాడు. "వెంకటమునీ, నువ్వు రావద్దు. ఇది నా ఆర్డరు!"

టైరు మార్చడం అవగానే కండక్టరు ఈలేసి అందరినీ ఎక్కమన్నాడు. వెంకటముని బీడీ నేలకేసి నలిపి, బస్సు వైపైనా చూడకుండా, తిరుపతి రోడ్డున నడిచి వెళ్ళిపోయాడు.