కేక్ ఎవరు తెస్తారు?

రత్నకుమారికి మార్కులు వేయడమంటే నాకు చచ్చే చావుగా ఉండేది. ఆమె రాసిన జర్మన్‌కు వంక పెట్టడానికి లేదు. మాట్లాడే పరీక్షలో మాత్రం పక్కన కూర్చున్న మొగుణ్ణి ఫెయిల్ చేయించేది.

రెండువేల ఇరవై ఒకటిలో, అందరం ఇళ్ళల్లో మగ్గుతున్న రోజుల్లో, నేను జర్మనీలో, బ్యోబ్లింగెన్‌లోని మా వంటింట్లోంచే జూమ్‌లో జర్మన్ చెప్పేదాన్ని. రత్నకుమారి కరీంనగర్‌లో నర్సరీ టీచరుగా చేసింది. ఇక్కడ కీటాలో, అంటే శిశువిహారంలో, చిన్నపిల్లల దగ్గర పని చేయాలంటే కనీసం బీ వన్ స్థాయి జర్మన్ పరీక్ష పాసవ్వాలి. భర్త కమలాకర్‌కి పక్క ఊరు జిండెల్ఫింగెన్‌లో ఐటీ ఉద్యోగం. ఇక్కడే శాశ్వతంగా ఉండిపోయే అనుమతి త్వరగా రావాలంటే అతనికీ అదే పరీక్ష కావాలి. ఆఫీసంతా ఇంగ్లీషు, రొట్టెల దుకాణానికి వెళ్ళేది భార్య. ఇక అతనికి నోరెలా తిరుగుతుంది?

పరీక్షలో ఒక భాగం జంటగా చేయాలి. మిత్రుడికి వీడ్కోలు విందు ఇస్తున్నారనుకుని, ఎవరేం చేయాలో ఇద్దరూ మాట్లాడి పంచుకోవాలి. ఎదుటివారిని అడగాలి, అవసరమైతే కాదనాలి. మార్కులు ఎవరివి వారికే.

క్లాసులో సాధన చేయిస్తే రత్నకుమారి మొదలుపెట్టేది. వంట నేను చేస్తాను, కేక్ నేను తెస్తాను, గిన్నెలు నేను కడుగుతాను, నువ్వు వచ్చి కూర్చో. కమలాకర్ బుద్ధిగా డాంకె అని థాంక్స్ చెప్పి ఊరుకునేవాడు. ఎన్నిసార్లు చేయించినా ఇదే తంతు. ఒకరోజు నాకు ఒళ్ళు మండి, ఆయనకూ పని చెప్పవమ్మా అన్నాను.

"పొద్దంత ఆఫీస్ పని చేస్తడు మేడమ్. మళ్ల నేను గూడ పని చెప్తే ఏం బాగుంటది?" అంది.

ఆ మాటలోని ప్రేమకు నా కోపం సగం చల్లారింది. అయినా కమలాకర్ మార్కులు తెరమీద చూపించి, అన్నీ నువ్వే చేసేస్తే ఆయన మాట్లాడడానికి ఏం మిగిలిందని అడిగాను. తన మార్కులకు ఎన్నడూ బాధపడని మనిషి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

పరీక్ష రోజున మొహాలకు మాస్కులు, మధ్యలో ప్లాస్టిక్ తెర. అదృష్టం కొద్దీ ఇద్దరినీ ఒకే జంటగా వేశారు. జరిగిందంతా తర్వాత ఆమే చెప్పింది. వంట నేను చేస్తానన్నాక, అలవాటుగా కేక్ కూడా నోటిదాకా వచ్చిందట. బలవంతాన ఆపుకుని, కేక్ ఎవరు తెస్తారని భర్తను అడిగిందట. అతను నేలచూపులు చూశాడట. మాట అందించకుండా కూర్చోవడం ఆమెకు ప్రాణం పోయినంత పనైంది. చివరికి కమలాకర్ గొంతు సవరించుకుని, కేక్ తనే తెస్తానన్నాడు. గిన్నెలు కూడా కడుగుతానన్నాడు. నీకు కడగడం రాదు కదా అని ఆమె జర్మన్‌లోనే కాదంది. నేర్పితే నేర్చుకుంటానన్నాడు. పరీక్ష పెట్టినవాళ్ళు నవ్వేశారట.

ఫలితాలు వచ్చిన సాయంత్రం ఫోన్ చేసింది. ఇద్దరూ పాస్. వెనక గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. ఇవాళైనా ఆ పని ఆపవా అని కసిరాను.

"నేను కూసున్న మేడమ్," అంది మెల్లగా. "ఆయన కడుగుతుండు. సబ్బు సరిగ పోతలేదు. అయినా నేనేం అంటలేను."