ఫ్లాపులా, ఫ్లేర్లా బావా?

రెండు వస్తువులు ఎదురుగా పెట్టి ఒకటి తీసుకోమంటే చాలు, ఆ మనిషికి చెమటలు పట్టేస్తాయి. అందుకే వీధి మొత్తం అతన్ని ‘అదా-ఇదా’ అని పిలుస్తుంది. అసలు పేరు పెట్టి పిలిస్తే, పలకాలా వద్దా అని కాసేపు ఆలోచిస్తాడు.

టీ కొట్టులో “టీయా, కాఫీయా?” అంటే, “ముందు ఏదో ఒకటి పొయ్యి, తాగి చెప్తా” అంటాడు. ఒకసారి మంగలి ఒకవైపు మీసం సన్నగా కత్తిరించి అద్దం చూపిస్తే, “రెండోవైపు సంగతి ఆలోచించుకుని వస్తా” అని లేచి వెళ్ళిపోయాడు. మూడు రోజులు ఒకవైపు పులిలా, ఒకవైపు పిల్లిలా తిరిగాడు. నాలుగోరోజు వాళ్ళక్క చెవి పట్టుకుని తీసుకెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టి, “మొత్తం తీసెయ్యి” అంది మంగలితో. అంతే, తేలిపోయింది. పుట్టిన దగ్గర్నుంచీ అతని సంగతులన్నీ అలా తేల్చింది అక్కే.

ఆ అక్క ఈ ఏడాది వానలకి ముందే పోయింది.

ఆవిడ భర్తది బళ్ళకి సామాన్లు బిగించే దుకాణం. “బావా” అని వీధి దద్దరిల్లేలా పిలిచే బావమరిది పుణ్యమా అని, ఆయన అందరికీ బావగారే అయిపోయాడు. అద్దాలు, హారన్లు, సీటు కవర్లు, ఏ డబ్బా మీద చూసినా ఆవిడ చేతిరాతే. డబ్బా దించితే గుండె పట్టేసినట్టుండేది బావగారికి. అందుకని దించడమే మానేశాడు. షట్టరు సగం ఎత్తి, లైటు వేయకుండా, ఆవిడ కూర్చునే స్టూలు వైపు చూస్తూ కూర్చునేవాడు. ఎవరైనా వచ్చి వైపర్లున్నాయా అంటే, గోడ నిండా వైపర్లు వేలాడుతుండగానే “లేవు” అనేవాడు. పక్కనున్న టైర్ల షాపాయన “ఆ గది నాకిచ్చేయండి, టైర్లు పెట్టుకుంటా” అంటే సరేనన్నాడు కూడా. ఒక్క పని మిగిలింది, అది కాగానే తాళం ఇచ్చేస్తానన్నాడు.

ఆ పని అదా-ఇదాది. అతను తన పికప్ బండిలో ఆసుపత్రి దుప్పట్లు లాండ్రీకి తీసుకెళ్ళి, ఉతికినవి మళ్ళీ తెచ్చిస్తుంటాడు. వాన పడితే చక్రాలు బురద చిమ్మి, ఉతికిన మూటలు ఉతకనివాటికన్నా ఘోరంగా తయారయ్యేవి. అక్క మంచం మీద ఉన్నప్పుడే భర్తతో చెప్పింది, “వాడి బండికి బురద పడకుండా ఏదో ఒకటి బిగించండి” అని. ఏదో ఒకటి అంది గానీ, ఏదన్నది చెప్పలేదు. కొంప మునిగింది అక్కడే.

మొదటి వాన పడ్డ రోజు బావగారు ఓపిగ్గా చెప్పాడు. “చూడు. మడ్ ఫ్లాపులంటే చక్రం వెనక వేలాడే రబ్బరు పలకలు. బురద వెనక్కి పోకుండా ఆపుతాయి. ఫెండర్ ఫ్లేర్లంటే చక్రం పైన బయటికి పొడుచుకొచ్చే అంచులు. పక్కలకి చిమ్మకుండా ఆపుతాయి. ఏది కావాలి?”

అదా-ఇదా నుదురు తుడుచుకున్నాడు. “వెనకొచ్చేవాళ్ళని కాపాడాలా, పక్కన నడిచేవాళ్ళనా? ధర్మసంకటం బావా.”

“రెండూ బిగిస్తా, పో!”

“ముందు ఏది బిగిస్తావు?”

బావగారు తల పట్టుకున్నాడు. “ఒరే, మీ అక్క నాకు అప్పజెప్పిన పని ఇదొక్కటే మిగిలింది. ఇది అయిపోతే షట్టరు దించేసి తాళం టైర్లాయన చేతిలో పెట్టేస్తా. ఇంక నావల్ల కాదు. త్వరగా తేల్చి నన్నొదిలెయ్యరా.”

అదా-ఇదా సగం ఎత్తిన షట్టరు కేసి చూశాడు. అక్క స్టూలు కేసి చూశాడు. “రేపు చెప్తా బావా” అని వెళ్ళిపోయాడు.

ఆ రేపు ఆరు వారాలు సాగింది. వానా ఆగలేదు, అతనూ ఆగలేదు. రోజూ తొమ్మిదింటికి ఒళ్ళంతా బురద పూసుకున్న బండితో హాజరు.

“ఫ్లేర్లు పెడితే బండి లావుగా కనిపిస్తుందేమో బావా?”

“బండికేమైనా పెళ్ళిచూపులా?”

“పోనీ ఫ్లాపులంటే, అవి ఊగుతుంటే వెనక బండివాడికి నిద్రొచ్చేస్తుందేమో?”

ఒకరోజు ఆ డబ్బా దించమనేవాడు, ఒకరోజు ఈ డబ్బా. చీకట్లో రంగు తెలియట్లేదంటే లైటు వేయాల్సి వచ్చేది. బండి లోపలికి పెట్టి కొలవాలంటే షట్టరు మొత్తం ఎత్తాల్సి వచ్చేది. షట్టరు ఎత్తి ఉంది కదా అని జనం వచ్చేవాళ్ళు. చేతిలో వైపరు పట్టుకుని వైపర్లు లేవని ఎలా అంటాడు? తిట్టుకుంటూనే ఇచ్చేవాడు బావగారు. టైర్ల షాపాయన రోజూ తల దూర్చి “తేలిందా?” అనడం, బావగారు చెయ్యి అడ్డంగా ఊపడం, ఆయన తడిసిపోతున్న టైర్ల మీద పట్టా సర్దుకోవడం మామూలైపోయింది.

చివరికి ఒకరోజు ఓ డబ్బా మీద ఆవిడ రాత వాన చెమ్మకి అలుక్కుపోయి కనిపించింది. బావగారికి దుఃఖం, కోపం కలిసే వచ్చాయి. “చాలు! రేపు నువ్వు తేల్చినా, తేల్చకపోయినా నేనే ఫ్లాపులు బిగించేస్తా. మధ్యాహ్నానికల్లా తాళం ఇచ్చేస్తా.”

అదా-ఇదా మొహం వాడిపోయింది. ఆ రోజు ఏ సందేహమూ అడక్కుండా వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే, ఆవిడ వస్తువులు నాలుగు ఇంటికి చేర్చేద్దామని బావగారు గొడుగేసుకుని ముందుగా బయల్దేరాడు. వీధి మలుపులో, గోడౌను వెనక పికప్ ఆగి ఉంది. దాని కిందనుంచి రెండు కాళ్ళు బయటికొచ్చి ఉన్నాయి. గోనెసంచి పరుచుకుని, ఆ వానలో, బావమరిది స్పానరుతో ఏదో విప్పుతున్నాడు.

ఫ్లాపులు! వాడివాడి గీతలు పడ్డ ఫ్లాపులు. విప్పి సీటు కింద దాచాడు. తర్వాత కాలవలోంచి దోసెడు బురద తీసి, శుభ్రంగా ఉన్న వెనక తలుపుకి కొట్టాడు. రెండడుగులు వెనక్కేసి చూసుకుని, చాల్లేదనుకుని ఇంకో దోసెడు కొట్టాడు.

బావగారికి ముందు ఒళ్ళు మండింది. వేరే దుకాణంలో కొన్నాడు సరే, ఎడమది వేలెడు కిందికి బిగిస్తాడా, ఛీ! ఆ తర్వాత నెమ్మదిగా అర్థమైంది. పుట్టాక మొట్టమొదటిసారి ఆ మనిషి అక్క సాయం లేకుండా ఒక సంగతి తేల్చుకున్నాడు. తేల్చుకుని, బావ షట్టరు దించేయకుండా ఉండాలని, ఆరు వారాలుగా దొంగసొత్తులా దాచుకు తిరుగుతున్నాడు. ఆవిడ పోయిన దిగులంతా తనొక్కడిదే అన్నట్టు కూర్చున్నందుకు బావగారికి సిగ్గేసింది. కళ్ళు తుడుచుకుని, పక్క సందులోంచి దుకాణానికి నడిచాడు. షట్టరు పూర్తిగా ఎత్తి లైటు వేశాడు.

తొమ్మిదింటికి అదా-ఇదా వచ్చాడు. “ఈ బురదతో చస్తున్నా బావా. వెనక తలుపు చూడు.”

“చూశాను. తేల్చావా?”

“ఇంకొక్క రోజు...”

“నాకూ తొందరేం లేదులే. అసలు రంగు సంగతి మనం మాట్లాడుకోనేలేదు కదా. నలుపా, బూడిదరంగా?”

అదా-ఇదా మొహం వెలిగిపోయింది. “అమ్మో, అది పెద్ద సంగతే బావా! వచ్చే వానల దాకా పడుతుంది.”

“పట్టనీ.”

టైర్ల షాపాయన తల దూర్చాడు. “తేలిందా?”

“తేలిందండీ. మీరు వేరే గది చూసుకోండి” అన్నాడు బావగారు.

తర్వాత పై అరలోంచి, ఆవిడ రాత ఉన్న ఓ చిన్న డబ్బా తనే దించాడు. “ఇవి రెక్కల నట్లు. స్పానరు అక్కర్లేదు, చేత్తోనే తిరుగుతాయి. రోజూ పొద్దున్నే బురదలో పడుకుంటే నడుం పట్టేస్తుంది. ఎడమది మాత్రం వేలెడు పైకి బిగించు.”

అదా-ఇదా చటుక్కున బండి సీటు కేసి చూశాడు. బావగారు రెండు గుప్పిళ్ళూ అతని ముందు తెరిచాడు. “ఇనుపవి కావాలా, ఇత్తడివా?”

అదా-ఇదా నుదుటి మీద చెమటలు పట్టాయి, ఈసారి నిజం చెమటలే. బావగారు ఆవిడ స్టూలు అతని వైపు జరిపాడు.

“కూర్చుని ఆలోచించుకో.”