వాల్రస్ బొమ్మల కింద నా తెలుగు

మా రైలింజన్ల షెడ్డుకి పోయే దారిలోనే రైల్వే దొరలు పొద్దుపుచ్చే ఇన్‌స్టిట్యూట్ ఉండేది. అందులో గ్రంథాలయం ఉందని తెలుసు గానీ మాకు గుమ్మం తొక్కే హక్కు లేదు. బొగ్గు ఎత్తే చేతులకి పుస్తకాలెందుకని వాళ్ళ ఉద్దేశం. ఆ మాట అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళు కూడా చదవాలనే ఇది రాస్తున్నాను.

అప్పుడు నేను బిలాస్‌పూర్ లోకో షెడ్డులో ఇంజను పొయ్యికి బొగ్గేసే ఫైర్‌మన్‌ని. నా డ్రైవరు ఆంగ్లో ఇండియన్. ఒక ఉదయం డ్యూటీ దిగుతూ, తిండీ బట్టా పెట్టుకునే తన ఇనప పెట్టెలోంచి ఓ బొమ్మల పుస్తకం తీసి, "లే జా, నీ బచ్చీకి" అన్నాడు, పిల్లకి పట్టుకుపొమ్మని. ఆ పెట్టెలోంచి డ్రైవరు ఏది తీసి ఇచ్చినా, పాత కోటైనా మిగిలిన రొట్టైనా, అది ఇక ఫైర్‌మన్‌దే. ఇంజను మీద అదే ఆనవాయితీ. పుస్తకం కూడా అంతే అనుకున్నాను.

ఉత్తర ధ్రువం దగ్గర మంచు సముద్రంలో బతికే వాల్రస్ గురించి పిల్లలకి చెప్పే పుస్తకం అది. కథ కాదు, ఉన్నదున్నట్టు చెప్పేది. కోరలు మంచులో గుచ్చి ఒడ్డెక్కడం, మీసాలతో అడుగున తడిమి గవ్వపురుగుల్ని వెతకడం, తల్లి తన పిల్లని వీపు మీద మోయడం, అన్నీ రంగుల్లో ఉన్నాయి.

నా కూతురికి ఏడేళ్ళు. బడిలో హిందీ, వీధిలో హిందీ. ఇంట్లో తెలుగు మాట్లాడేది గానీ అక్షరం రాదు. బడి మొహం చూడనివాణ్ణి, చిరిగిన నిఘంటువు పెట్టుకుని ఇంగ్లీషు కూడా కూడబలుక్కున్నవాణ్ణి. నా పిల్లకి నా భాష చదవడం రాకుండా పోతుందేమోనని నాకు లోపల కుమిలేది. పలక ముందు కూర్చోబెడితే ఆవలించేది. ఆ జంతువును చూసి మాత్రం లేచి కూర్చుంది.

"ఏటి నానా ఇది? దీనికి పళ్ళు బైటికొచ్చేసినాయేటి?"

"కింద రాసుంటాది, సదువుకో."

"అది ఇంగ్లీసు కదా!"

ఆ మాటతో నాకు దారి దొరికింది. పాత ఫారాల వెనకవైపు కాగితం చీలికలుగా కోసి, షెడ్డులో వాడే కాపీయింగ్ పెన్సిలుతో బొమ్మల కింది మాటలు తెలుగు చేసి రాశాను. మైదా పిండి ఉడికించి ఇంగ్లీషు మీద అతికించాను.

"డూటీ నుంచొచ్చి తొంగోక, ఆ పందికి సాకిరీ ఏటి?" అనేది నా భార్య.

"పంది కాదే, వాల్రస్సు."

"ఏదైతేనేటి, పిండి నాకు మిగల్లేదు!"

ఆ తెలుగు ముక్కల మీద వేలు పెట్టి నా కూతురు రెండు నెలల్లో చదవడం నేర్చుకుంది. మంచు అంటే ఏమిటో తెలియదంటే స్టేషనుకి తీసుకెళ్ళి, రంపపు పొట్టులో కప్పిన ఐసు దిమ్మ మీద చెయ్యి పెట్టించాను.

అంతలో ఒకరోజు డ్రైవరు, "పుస్తకం ఏదిరా? ఇన్‌స్టిట్యూట్‌వాళ్ళు అడుగుతున్నారు" అన్నాడు.

"నాకిచ్చారు కదా, సాబ్?"

"అరే, చూపించమన్నాను! రఖ్ లే, ఉంచుకో అన్నానా? నా పేరు మీద తెచ్చింది అది."

మధ్యాహ్నం ఇంటికొచ్చి తడిగుడ్డతో చీలికలు ఊడదీయడం మొదలుపెట్టాను. కాపీయింగ్ పెన్సిలు తడి తగిలితే ఊదారంగు సిరాలా పారుతుంది. రోజూ దాంతో రాసేవాణ్ణి, అతికించేటప్పుడు అక్షరాల మీద నీళ్ళు పడనీయకుండా జాగ్రత్తపడ్డవాణ్ణి, గాభరాలో ఆ సంగతే మరిచాను. అక్షరాలన్నీ కరిగి తెల్లటి మంచు మీద ఊదా మరకలయ్యాయి. పుస్తకం పాడైంది, నా తెలుగూ పోయింది. పిల్ల ఏడవలేదు. ఊదాగా మారిన నా వేళ్ళకేసి చూస్తూ ఉండిపోయింది. ఏడ్చినా బాగుండేది.

ఇన్‌స్టిట్యూట్ వెనక వరండాలో డ్రైవరు పక్కన నన్ను నిలబెట్టారు. సెక్రటరీ దొర పేజీలు తిప్పి ఎవరి పని అన్నాడు. నేను నోరు తెరిచేలోగా డ్రైవరు, "మా చిన్నవాడు సిరా ఒలకబోశాడు" అన్నాడు. దొర నవ్వేసి, పిల్లలంతే అని పుస్తకాన్ని పక్కన పడేశాడు. నా నౌకరీ నిలిచింది. డ్రైవరు చేసింది మేలే, కాదనను. కానీ ఆ పుస్తకాన్ని ఒక ఫైర్‌మన్ చదివాడని, తెలుగు చేశాడని, అతని కూతురు దానితో అక్షరాలు నేర్చిందని అక్కడ దొరలెవరికీ తెలియలేదు. తుడిచిపెట్టినట్టు పోయింది. ఆ కోపం నాకు ఇన్నేళ్ళయినా చల్లారలేదు.

ఇంటికొచ్చేసరికి నా భార్య గుమ్మంలోనే, "గొడవెట్టకు, గుంట ఏటో సేస్తన్నాది" అంది. వరండాలో పిల్ల బోర్లా పడుకుని, తన హిందీ నోటుబుక్కు చివరి పేజీల్లో రాస్తోంది. తెలుగులో. చదవడమే నేర్పాను నేను, రాయడం నేర్పలేదు. వాల్రస్ ఏం తింటుందో, ఎక్కడ పడుకుంటుందో, బట్టీ వచ్చిందంతా వరసగా పెడుతోంది. దీర్ఘాలు ఎక్కడివో ఎక్కడో పడ్డాయి. ఒత్తులు అక్షరం పక్కకి జారిపోయాయి.

వంగి, దిద్దుదామని చెయ్యి చాపాను.

"నీడ పడతన్నాది నానా, అటు జరుగు" అంది, తల ఎత్తకుండా.

జరిగాను.